ఎండల మల్లన్న దాకా ఒక పూట నడక

పలాస, మందస వైపు కాలినడక మొక్కు అనగానే ముందు వినిపించే పేరు మహేంద్రగిరి. శివరాత్రికి ఆ కొండెక్కి రావడం ఈ ప్రాంతంలో పాత ఆనవాయితీ. పరశురాముడు తపస్సు చేసుకున్న చోటని నమ్మకం. పైన భీముడు, కుంతి, యుధిష్ఠిరుల పేర్లతో రాతి గుళ్లున్నాయి. శిఖరం ఎత్తు 1,501 మీటర్లు. ఏనాడూ పట్టుమని నాలుగు కిలోమీటర్లు నడవని మనిషి, వారానికి ఒక్క పూట తీరిక దొరికే మనిషి, తొలి యాత్రకే దానికి సిద్ధపడటం తొందరపాటు.

అలాంటివారికి రావివలస ఉంది. టెక్కలికి సుమారు 5 కిలోమీటర్లు. పిల్లాపాపలతో, పెద్దవాళ్లతో ఆగి ఆగి నడిచినా రెండు గంటలు చాలు. పలాస, కాశీబుగ్గ వాళ్లు తెల్లవారుతుండగా బస్సెక్కి టెక్కలిలో దిగి నడక మొదలుపెడితే ఎండ ముదరక ముందే దర్శనం అయిపోతుంది. తిరుగు ప్రయాణం ఆటోలో చేస్తే మొక్కుకు వచ్చే లోటేమీ లేదు.

ఇక్కడి స్వామి ఎండల మల్లికార్జునుడు. భారీ లింగం, నెత్తిన కప్పు లేదు. ఎండా వానా అన్నీ ఆయన మీదే. రామరావణ యుద్ధం ముగిశాక వానర వైద్యుడు సుషేణుడు ఈ కొండ దగ్గర తపస్సు చేస్తూ తనువు చాలించాడట. క్షేమం కనుక్కొని రమ్మని రాముడు పంపిన హనుమంతుడు ఆ దేహం మీద జింకచర్మం పరిచి, మల్లెపూలు చల్లి వెళ్లాడట. తర్వాత రాముడు వచ్చి చర్మం తీస్తే అక్కడ లింగం కనిపించిందని స్థలపురాణం. టెక్కలి జమీందారు గుడి కట్టబోతే అది నిలవలేదనీ, తనకు కప్పు వద్దని స్వామి కలలో చెప్పాడనీ ఊళ్లో చెప్పుకుంటారు. వైద్యుడి పేరుతో ముడిపడిన దేవుడు కాబట్టి ఇక్కడి గాలి సోకితే రోగాలు తగ్గుతాయని భక్తుల విశ్వాసం.

రోజు ఎంపిక దగ్గరే చాలామంది పొరబడతారు. కార్తిక సోమవారం పుణ్యమే, కాని ఆ రోజు రావివలసలో ఇసకేస్తే రాలదు. 2025 నవంబర్ 1న, కార్తిక ఏకాదశీ శనివారమూ కలిసొచ్చిన నాడు, కాశీబుగ్గ వేంకటేశ్వరస్వామి ఆలయంలో జరిగిన తొక్కిసలాటలో తొమ్మిది మంది ప్రాణాలు పోయాయి. ఆ దుఃఖం ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఇంకా పచ్చిగానే ఉంది. మొదటిసారి వెళ్లేవారు, ముఖ్యంగా పిల్లలను వెంటబెట్టుకునేవారు, అదే కార్తికంలో ఒక బుధవారమో గురువారమో చూసుకోవడం మేలు. లింగం ముందు ఊపిరి పీల్చుకునే తీరికైనా ఉంటుంది.

దర్శనమయ్యాక పొద్దు మిగిలితే దగ్గర్లోనే తేలినీలాపురం ఉంది. చలికాలంలో అక్కడి చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. ఊరివాళ్లు వాటిని పురుడు పోసుకోవడానికి వచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటారు. అదీ ఒక దర్శనమే.

సోంపేట, కవిటి వైపు వారికి బారువ దగ్గర. కోటిలింగేశ్వరుడు, జనార్దనస్వామి, పక్కనే మహేంద్రతనయ సముద్రంలో కలిసే చోటు, అన్నీ ఒకే ఊళ్లో. ఈ ఊళ్లున్న ఉద్దానం ప్రాంతపు రోడ్ల మీద నీడను మాత్రం మునుపటిలా లెక్కవేసుకోకూడదు. 2018 అక్టోబర్‌లో వచ్చిన తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది.

ఉద్దానం నుంచి బయల్దేరేవారికి ఇంకో మాట. కిడ్నీ జబ్బు ఇంటింటి కథ అయిన నేల ఇది. చెప్పుల్లేకుండా నడిస్తేనే మొక్కు అనుకున్నా ఫర్వాలేదు గాని, నీళ్లు తాగకుండా ఉపవాసంతో ఎండలో నడవడం వద్దు. మంచినీళ్లు ఇంటి నుంచే సీసాల్లో పట్టుకెళ్లాలి. సాయంత్రం కాళ్లు పీకుతున్నాయని మందుల షాపులో నొప్పి బిళ్లలు కొని మింగకండి, అవి కిడ్నీలకు చేటు. వేడినీళ్ల కాపడం పెట్టుకుని పడుకోండి. ఇంట్లో ఇప్పటికే ఎవరికైనా క్రియాటినిన్ ఎక్కువుంటే, డాక్టరును అడిగాకే వారిని నడకకు తీసుకెళ్లండి.