పక్కవాడి మీద చూపు



కారు పందేలకూ మన ఆధ్యాత్మిక జీవితానికీ సంబంధమేమిటని మీరు అడగవచ్చు. ఫార్ములా వన్ కార్ల మోత మన విచారణ గుడి గంటకు చాలా దూరమే. కాని ఆ పందెంలో ఒక విచిత్రమైన ఏర్పాటు ఉంది. ఒక్కొక్క జట్టుకు ఇద్దరు డ్రైవర్లు. ఒకే రంగు దుస్తులు, ఒకే రకం కారు, ఒకే యజమాని. జట్టు నెగ్గాలంటే ఇద్దరూ పాయింట్లు తేవాలి. ఛాంపియన్ మాత్రం ఒక్కడే. వేరే జట్టువాడి చేతిలో ఓడితే "వాడి బండి మంచిది" అని సర్దుకోవచ్చు. సొంత జట్టువాడి చేతిలో ఓడితే ఆ సాకు కూడా మిగలదు.

అసూయ అంటే ఇతరుల మేలు చూసి దుఃఖించడమని పునీత తోమాసు అక్వినాసు వారు చెప్పారు. మనకు అందనంత దూరాన ఉన్నవారిపై అది పుట్టదని, మనం పోటీపడగలిగిన వారిపైనే పుడుతుందని కూడా వివరించారు. కూలివాడు రాజుగారిని చూసి కుళ్లుకోడు, తోటి కూలివాణ్ణి చూసి కుళ్లుకుంటాడు. అన్నదమ్ములిద్దరు ఒకే పరీక్ష రాసిన ఇంట్లో తల్లిదండ్రులకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

1988లో మెక్‌లారెన్ జట్టులో ఇటువంటి ఇద్దరు కలిశారు. ఒకరు ఫ్రాన్సు దేశస్థుడు ఆలెన్ ప్రోస్ట్. అప్పటికే రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్. తొందరపడడు, లెక్కవేసి నడుపుతాడు. అందుకే అతణ్ణి 'ప్రొఫెసర్' అనేవారు. రెండవవాడు కొత్తగా చేరిన బ్రెజిల్ యువకుడు అయిర్టన్ సెన్నా. అతడు కతోలిక కుటుంబంలో పుట్టాడు, బైబిలు చదివే అలవాటు ఉన్నవాడు.

ఆ ఏడాది మొనాకోలో పందెం ముందు జరిగే కాలపరీక్షలో సెన్నా, అదే రకం కారులో ఉన్న ప్రోస్ట్ కంటే 1.427 సెకన్లు తక్కువలో ఒక చుట్టు ముగించాడు. సెకనులో పదో వంతు కోసం కొట్టుకునే ఆటలో ఇది ఊహకందని తేడా. తాను తెలివితో నడపడం లేదని, ఏదో సొరంగంలో ఉన్నట్లు అనిపించిందని, భయపడి వేగం తగ్గించి వెనక్కు వచ్చేశానని అతడే తరువాత చెప్పాడు.

మరునాడు పందెంలో సెన్నా ముందంజలో ఉన్నాడు. ప్రోస్ట్ చాలాసేపు గెర్హార్డ్ బెర్గర్ వెనుక చిక్కుకుపోయాడు. అతణ్ణి దాటేసరికి సెన్నా సుమారు 50 సెకన్ల ముందున్నాడు. ప్రోస్ట్ వేగం పెంచాడు. అది తెలిసి సెన్నా కూడా పెంచాడు. నెమ్మదిగా వెళ్లమని జట్టు రేడియోలో చెప్పింది. అతడు తగ్గించాడు. మొత్తం 78 చుట్లలో 67వ చుట్టులో, సొరంగానికి ముందున్న మలుపు దగ్గర, ఎవరూ తాకకుండానే కారు గోడకు తగిలింది. సెన్నా తిన్నగా ఆ ఊళ్లోనే ఉన్న తన ఇంటికి నడిచి వెళ్లిపోయాడు. ప్రోస్ట్ గెలిచాడు.

అలసట అనండి, అజాగ్రత్త అనండి. నాకు తోచేది వేరు. ఆ మనసును నిలబెట్టింది రోడ్డు కాదు, వెనుక వస్తున్న మనిషి. ఆ మనిషితో ఇక పోరాడనక్కరలేదనగానే మనసుకు ఆధారం పోయింది.

అలాగని పోటీ అంతా విషమని కొట్టేయలేం. ఆ ఏడాది 16 పందేలలో 15 ఆ ఇద్దరే గెలిచారు. సెన్నా 8, ప్రోస్ట్ 7. మొత్తం పాయింట్లు ప్రోస్ట్‌కే ఎక్కువ, కాని మంచి ఫలితాలు 11 మాత్రమే లెక్కలోకి తీసుకునే నియమం వల్ల సెన్నా ఛాంపియన్ అయ్యాడు. ఒకరు లేకుంటే రెండవవారు అంత ఎత్తుకు ఎదిగేవారా?

1989లో అది చెడింది. మొదటి మలుపు దగ్గర ఒకరినొకరు దాటకూడదని ఇమోలాలో ఒప్పందం చేసుకున్నారు. మాట తప్పాడని ప్రోస్ట్, తప్పలేదని సెన్నా. మాటలు ఆగిపోయాయి. ఇంజన్లు ఇచ్చే హోండా వారు సెన్నా పక్షమని ప్రోస్ట్ అనుమానించాడు. ఆ ఏడాది సుజుకాలో ఇద్దరి కార్లూ ఢీకొన్నాయి. ప్రోస్ట్ ఛాంపియన్ అయి, ఫెరారీకి వెళ్లిపోయాడు. మరుసటి ఏడు అదే సుజుకాలో మొదటి మలుపులోనే సెన్నా అతణ్ణి గుద్దాడు. దారి ఇవ్వకూడదని ముందే నిశ్చయించుకున్నానని 1991లో ఒప్పుకున్నాడు.

ప్రార్థన చేసేవాడు ఇలా చేయవచ్చునా? ఈ ప్రశ్న నన్ను చాలాకాలంగా వదలడం లేదు. ఏకాగ్రత గొప్ప శక్తే, కాని అది దేనిమీద నిలిచిందో కూడా చూడాలి కదా. యోహాను సువిశేషం చివరి అధ్యాయంలో ప్రభువు తనను వెంబడించమని పేతురును పిలిచిన వెంటనే పేతురు వెనుదిరిగి చూశాడు. మరొక శిష్యుడు వస్తున్నాడు. మరి ఇతని సంగతేమిటని అడిగాడు. ప్రభువు ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేదు. అది నీకెందుకని, నీవు నన్ను వెంబడించమని మాత్రం అన్నాడు.

1993 చివర అడిలైడ్‌లో ప్రోస్ట్ ఆఖరి పందెం. గెలిచిన సెన్నా అతని చేయి పట్టుకుని పై మెట్టు మీదికి లాగాడు. ఆ తరువాత సెన్నా తరచు ఫోన్ చేసేవాడని ప్రోస్ట్ చెప్పాడు. 1994 ఇమోలా పందెం రోజుల్లో, ఫ్రెంచి టెలివిజన్ కోసం కారులోంచి మాట్లాడుతూ, ప్రోస్ట్ లేని లోటు తెలుస్తోందని సెన్నా పలకరించాడు. మే 1న అదే ఇమోలాలో గోడకు ఢీకొని చనిపోయాడు. సావో పౌలోలో శవపేటిక మోసిన వారిలో ప్రోస్ట్ ఒకడు.