‘ఏమొకో’ పదములో చెలుల సందేహము

శ్రియఃపతియగు శ్రీనివాసునికి సుప్రభాతము మొదలు ఏకాంతసేవ వరకు జరుగు కైంకర్యములలో తాళ్ళపాక వారి పాటకు స్థానము కలదు. ఆ వంశమునకు మూలపురుషుడైన అన్నమాచార్యుల (1408–1503) శృంగార సంకీర్తనలలో ఇంటింట స్త్రీలు మక్కువతో పాడుకొనునది ‘ఏమొకో’ అని మొదలగు పదము. కచేరీలలో విందుము, పెండ్లిండ్లలో విందుము. నిలిచి అర్థము విచారించువారు తక్కువ. నేనును చాలకాలము విచారింపలేదు. విచారింపకయే ఒకరికి అర్థము చెప్పితిని. ఈ వ్యాసమునకు ఆ తప్పే కారణము.

వివాహమైన క్రొత్తలో మా గృహిణి సాయంకాలము తులసిమాల కట్టుచు ఈ పదము పాడుచుండెడిది. నేనప్పుడు పాఠశాలలో చదువు ముగించి క్రొత్తగా కావ్యపాఠము చెప్పుచుంటిని. ఆ వయస్సున పండితునికి తెలియనిదేమున్నది! ఒకనాడామె, “ఏమండీ, చెలులు ఒక్కొక్క గుర్తు చూచి ‘కాదు కదా’ అంటారు. ఇంతకూ అవునా, కాదా?” అని యడిగినది. ఆ గుర్తులెట్టివో విడమరచి చెప్పుటకు సిగ్గుపడి, “జీవాత్మ పరమాత్మలో ఐక్యమగుటయే దీని భావము” అని ఒక్కమాటతో తేల్చివేసితిని. “అంతేనా” అని ఆమె మాల ముడివేసి లేచినది. మరెన్నడును నన్ను పాటకు అర్థమడుగలేదు. జీవుడు శేషభూతుడై స్వామికి నిత్యకైంకర్యము చేయునని బాల్యముననే వల్లించిన నేను ఐక్యమను మాట పలుకదగినది కాదు. తప్పించుకొను తొందరలో సిద్ధాంతమును కూడ మరచితిని.

పాటలో జరుగునది స్వల్పము. నాయిక ప్రియుని యొద్దనుండి వెలుపలికి వచ్చినది. చెలులు చూచినారు. చిగురువంటి పెదవిపై అక్కడక్కడ కస్తూరి అంటియున్నది. కడకన్నులు ఎర్రబారినవి. పైటను మించి వింత మెరుగు కనబడుచున్నది. చెక్కిళ్ళపై ముత్యములవలె బిందువులు నిలిచినవి. నాయిక పలుకదు. నాయకుడు కానరాడు. మాటలన్నియు చెలులవే.

పెదవిపై కస్తూరిని చూచి చెలులు ఊహించినది, ఆమె విభునకు వ్రాసిన ఉత్తరమేమో యని. చిగురు ఎరుపు, కస్తూరి నలుపు. ఆకుపై అక్షరములవలె తోచుట సహజము. శకుంతల తామరాకుపై గోటితో ప్రేమలేఖ వ్రాసినట్లు కాళిదాసు చెప్పినాడు. అక్కడ ఆకును వెదకికొనవలసి వచ్చినది. ఇక్కడ పెదవియే ఆకు. అయితే ఆ కస్తూరి ఎవరిది? కవి చెప్పలేదు, నేనును పట్టుపట్టను. కాని తిరుమల యాత్రికులకు ఒక సంగతి గుర్తు చేయవచ్చును. స్వామివారి ఊర్ధ్వపుండ్రము పచ్చకర్పూరముతోను, నడుమ కస్తూరితోను తీర్చబడును. శుక్రవారాభిషేకము పిమ్మట దానిని నూతనముగా అలంకరింతురు. వక్షఃస్థలమున అలమేలుమంగ వెలసియున్నది. ఆ నుదుటి కస్తూరియే ఈ పెదవికి అంటెనని భావించినచో, సిరా స్వామిది, వ్రాత అమ్మది. ఇది నా ఊహ మాత్రమే. రుచించినవారు గ్రహింతురు గాక.

మొదటి చరణమే నాకు అన్నిటికంటె గొప్పదిగా తోచును. కడకన్నుల ఎరుపునకు చెలులు చెప్పుకొన్న కారణము విచిత్రము. ఆమె కొనచూపులు బాణములై ప్రాణేశ్వరుని యందు నాటినవట. వానిని పెరికి తీయగా అంటిన నెత్తురేమో ఇది యని వారి అనుమానము. కావ్యములలో నాయిక చూపు బాణమగుట ప్రసిద్ధమే. బాణము వేసిన కంటికే నెత్తురంటెననుట అరుదు. ఇందు గాయపడినవాడెవడో గమనింపుడు. సర్వస్వతంత్రుడు, నిరంకుశుడు అని మనము కొనియాడు స్వామి! ఆయన స్వాతంత్ర్యమును మెత్తబరచగలది అమ్మ కటాక్షమొక్కటియే యని మన ఆచార్యులు పురుషకారమును వర్ణించినారు. మన అపరాధములను లెక్కించు న్యాయాధిపతివలె ఆయన కూర్చున్నప్పుడు, పక్కనుండి ఒక్క చూపుతో ఆ లెక్క తప్పించునది ఆమెయే. గద్యత్రయ వ్యాఖ్యానములలో ఎంతో విస్తరించిన విషయమును అన్నమయ్య ఒక నెత్తుటిచుక్కలో చూపినాడు. ఇది తెలిసిన పిదప ఆ చరణమును సిగ్గుతో దాటవేయుట నాకు సాధ్యము కాలేదు.

రెండవ చరణమున నఖక్షతములను చంద్రరేఖలుగా, వాని కాంతిని వేసవి వెన్నెలగా ఊహించినారు. ఆలంకారికులకు పరిచితమైన మార్గమే. వేసవి యనుటలో మాత్రము తెలుగు ఇంటి ముంగిలి కనబడును. మూడవ చరణమున చెక్కిళ్ళపై ముత్యములు చెమట బిందువులేమో యని ముగించి, తిరువేంకటపతి పేరును గద్దరియను విశేషణముతో చెప్పినాడు. అంతవరకు ప్రియుడెవరో పాటలో తెలియదు.

ఇక మా గృహిణి ప్రశ్న. ‘ఏమొకో’ యందలి ‘ఒకో’ సంశయమును తెలుపు ప్రాచీన శబ్దము. పాట సంశయముతో ఆరంభమై, ప్రతి చరణమున ‘కాదు కదా’ అను సంశయముతోనే నిలుచును. ఈ పలుకుబడిని మనము వాడు తీరు చూడుడు. కళ్ళములో ధాన్యముండగా ఉరుము వినబడినచో ‘వాన కాదు కదా’ అందుము, అది భయము. దూరదేశమున నున్న కుమారుని తలచుకొనుచుండగా వీధి తలుపు చప్పుడైనచో ‘అబ్బాయి కాదు కదా’ అందుము, అది ఆశ. సంస్కృతమున ‘న ఖలు’ అనియు ‘అపి నామ’ అనియు వేరువేరుగా చెప్పవలసిన దానిని తెలుగు ఒక్కచోట ఇమిడ్చినది. కనుక అవునా, కాదా యన్న ప్రశ్నకు నేనానాడు ఐక్యమని చెప్పుట వ్యాకరణమునకును విరుద్ధమే. చెలులు నిశ్చయము చేయలేదు. చేయజాలరు. వారు తలుపునకు ఇవతలనే యున్నవారు.

నమ్మాళ్వారులు నాయికాభావమున పరాంకుశనాయకి యైనప్పుడు తల్లి, కూతురు, చెలి అను మూడు అవస్థలలో పాడినారు. అళగియ మణవాళ పెరుమాళ్ నాయనారు తమ ఆచార్యహృదయమున వానికి వివరణమిచ్చినారు. ఫలము కొరకు తహతహ కూతురిది, ఉపాయమునందు నిశ్చయము తల్లిది, స్వామికిని మనకును గల సంబంధమును ఎరుగుట చెలిది. శృంగారమును తీసివేసి భావమును మాత్రము పట్టుకొమ్మని వారు చెప్పలేదు. అన్యాపదేశము చెడకుండ, దాని లోపలనే స్వాపదేశమును చూపినారు. ‘ఏమొకో’ యందు పాడువారు చెలులు. అనగా పాడు మనమే. సన్నిధిలో మనకు దొరకునది క్షణకాలము; కన్ను నిలువక ముందే జరుగుడను మాట వినబడును. స్వామిని పూర్తిగా చూచితినని చెప్పగలవారెవరు? ఆయనతో నిత్యముగా కూడియున్న అమ్మపై కానవచ్చు గుర్తులను బట్టి ఊహించుటయే మన వంతు. చెలులకు ఈర్ష్య లేదు, అదియే వారి జ్ఞానము.

ఈ పదమును విన్న సాళువ నరసింహరాయలు తనపై కూడ అట్టిది పాడుమని కోరెననియు, హరికి తప్ప నరునకు పాడనన్న అన్నమయ్యను సంకెళ్ళలో ఉంచెననియు పెద్దలు చెప్పుదురు. రాజు రసికుడే. అలంకారములను ఆస్వాదించినాడు. చివరి చరణములోని పేరును తీసి తన పేరు పెట్టినను పాట నిలుచునని తలచినాడు. గాయపడిన ఈశ్వరుని అతడు చూడలేదు. నేనును ఒకనాడు పాటను తీసివేసి ఐక్యమును పెట్టితిని గనుక ఆయనను ఎక్కువగా నిందింపలేను.

ఈ వ్యాసమును పంపుటకు ముందు మా గృహిణికి చదివి వినిపించితిని. ఇన్ని సంవత్సరముల తరువాత ఉత్తరము చెప్పుచున్నానని ఆరంభించితిని. ఆమె చివరివరకు ఓపికగా విన్నది. అంతయు విని, “చెలులకు తెలియదంటారేమిటి? తెలియకనా అడిగింది! ఆమె నోట చెప్పించుకోవాలని అడిగారు” అన్నది. ఈ మాట నాకు ఏ టిప్పణిలోను కనబడలేదు. వెంటనే కలము తీసి వ్రాసికొంటిని. ఆమె తులసిమాల చేతబట్టుకొని పూజగదిలోనికి పోయి, అదే పదము ఎత్తుకొన్నది.