కాగితం లేని ఒప్పందం

1980లో అమెరికాలోని వాషింగ్టన్ నగరంలో టీన్ ఐడిల్స్ అనే కుర్రాళ్ళ రాక్ బృందం విడిపోయింది. కచేరీల వల్ల చేరిన సొమ్ము సుమారు 600 డాలర్లు. నలుగురూ దాన్ని పంచుకోక, తమ పాటలను రికార్డుగా వేయించారు. ఆ బృందంలోని ఇయాన్ మెకేయ్, జెఫ్ నెల్సన్ నడిపిన డిస్కార్డ్ సంస్థ అలా పుట్టింది.

బృందాల చేత ఒప్పంద పత్రాలు రాయించుకోకపోవడం ఆ సంస్థ పద్ధతి. ఖర్చులు పోను మిగిలిన లాభంలో వారికి వాటా ఇస్తుంది.

ఏళ్ళ తరబడి బ్యాంకులో సంతకాలు పెట్టించుకున్న నాకు ఇది మొదట పసితనంగా తోచింది. రేపు తగవు వస్తే ఏది ఆధారం? కాని ఇద్దరేసి జామీనుదారులు సంతకం చేసిన అప్పులూ మొండిబాకీలు కావడం నేను చూశాను. సంతకం అయింది గదా అని ఆ మనిషి కష్టసుఖాలు మళ్ళీ అడగనిది మేమే.

పత్రం ఉంటే "షరతుల్లో అలా లేదు" అని తప్పించుకోవచ్చు. అది లేనివాడు ప్రతి లెక్కా విప్పి చూపాలి. నమ్మకం చెడితే బృందం మరో చోటు చూసుకుంటుంది.

డిపాజిటర్ల సొమ్మును అప్పిచ్చే బ్యాంకు పత్రం లేకుండా నడవదు, నడవకూడదు కూడా. అయితే పత్రం రాసుకున్నంత మాత్రాన మన బాధ్యత తీరిందనుకోవడం సబబేనా? పదవీ విరమణ దగ్గరపడుతున్న కొద్దీ ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు.