విన్నారు, కాని ఆగలేదు

ఎక్కువమంది మేలు కోసం కొద్దిమంది బ్రతుకుతెరువు తీసివేయవచ్చునా? ఇది పాత ప్రశ్నే. ఉత్తర ధ్రువ ప్రాంతాలలో ఇప్పుడు కొత్త వేషంలో వచ్చింది. తీసివేసేది బొగ్గు గని అయితే తప్పని సులభంగా చెబుతాం. మనమందరం మెచ్చుకునే గాలి విద్యుత్తు అయితే?

నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, రష్యా దేశాల ఉత్తరాన సామీ ప్రజలున్నారు. వారిలో కొన్ని కుటుంబాలు తరతరాలుగా ధ్రువపు జింకలను మేపుకొని జీవిస్తున్నాయి. ధ్రువ వృత్తానికి కొంత దక్షిణాన, నార్వేలోని ఫోసెన్ ద్వీపకల్పం వారి చలికాలపు మేతభూమి. కొండల మీద గాలికి మంచు పలుచబడుతుంది గనుక అక్కడ జింకలకు మేత దొరుకుతుంది. ఆ గాలిని చూసే కంపెనీలూ వచ్చాయి! 2010లో లైసెన్సులు ఇచ్చారు. కాపరులు వద్దన్నారు, కోర్టుకెక్కారు. 2018లో ఐక్యరాజ్యసమితి జాతి వివక్ష నిర్మూలన కమిటీ ఒక కొండమీది పని ఆపమని కోరింది. ఆపలేదు. 2020 నాటికి రెండు చోట్ల 151 గాలిమరలు లేచాయి.

2021 అక్టోబరులో నార్వే సుప్రీంకోర్టు, 11 మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా, ఆ లైసెన్సులు చెల్లవన్నారు. సామీల సంస్కృతి హక్కుకు భంగం కలిగిందన్నారు. గాలి విద్యుత్తు అవసరాన్ని కోర్టు కాదనలేదు. కాపరులకు ఇంత నష్టం లేని మార్గాలు ఉండెనని మాత్రం చెప్పింది. నా దృష్టిలో తీర్పుకు ప్రాణం ఈ మాటే. ‘తప్పదు’ అనే ముందు వేరే దారి వెదికామా?

ఉమ్మడి ఆస్తి అమ్మకానికి బయానా పుచ్చుకొని, తరువాత చిన్నకోడలిని “ఏమంటావమ్మా?” అని అడిగే పెద్దలు మన ఊళ్లలోనూ ఉన్నారు. అడగడం వేరు, ఆమె కాదంటే ఆగడం వేరు. 1996లో ఏర్పడిన ఆర్కిటిక్ మండలిలోనూ ఇదే చిక్కు. సామీలతో సహా 6 ఆదివాసి సంఘాలకు అక్కడ శాశ్వత స్థానముంది, వారిని సంప్రదించి తీరాలి. నిర్ణయం మాత్రం 8 దేశాలదే. మరెన్నో వేదికలలో ఆ స్థానమూ లేదు, నిజమే. 2013 నుండి మన దేశం అక్కడ పరిశీలక హోదాలో కూర్చుంటోంది గనుక, ఇది మనకు పూర్తిగా పరాయి విషయం కాదు.

తీర్పు వచ్చినా మరలు తిరుగుతూనే ఉన్నాయి. 2023 డిసెంబరులో ఒక కాపరుల బృందంతో, 2024 మార్చిలో మరొక దానితో రాజీ కుదిరింది. నష్టపరిహారం ఇస్తారు, మరలు ఉంటాయి. మరలు లేచి తిరుగుతుండగా చేసిన సంతకాన్ని మనస్ఫూర్తి అంగీకారమనవచ్చునా? నాకు సందేహమే.