ఎం బుక్‌లో మా వీధి



మా వీధిలో సిమెంటు రోడ్డు వేసి ఏడాది తిరక్కుండానే నడిమధ్యన పగిలింది. టీ కొట్టు దగ్గర తీర్పు అయిపోయింది: కాంట్రాక్టరు తినేశాడు. నేనూ తలూపాను. తలూపడానికి ఖర్చేముంది! పక్కింటి రిటైర్డు మాస్టారు మాత్రం "అసలెంత మందం వెయ్యాలో ఎవరికైనా తెలుసా?" అన్నారు. ఎవరూ మాట్లాడలేదు.

ఆయనే ఓ తెల్లకాగితం మీద సమాచార హక్కు దరఖాస్తు రాశారు. 2005లో వచ్చిన చట్టం. గ్రామ స్థాయిలో అడిగితే రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. ఎందుకు అడుగుతున్నావని నిలదీయకూడదు. కాగితాలే కాదు, జరుగుతున్న పనిని దగ్గరుండి చూడొచ్చు, వాడుతున్న సరుకు నమూనా కూడా అడిగి తీసుకోవచ్చు. ఇన్నేళ్లుగా పేపరు చదువుతున్నానన్న మాటే గానీ, ఈ సంగతి నాకు అప్పుడే తెలిసింది.

ఎస్టిమేటూ, కొలతలు రాసే ఎం బుక్కూ నకళ్లు వచ్చాయి. మాస్టారు పంచె ఎగ్గట్టి, టేపుతో పగులు అంచు కొలిచారు. ఒకచోట కాదు, నాలుగు చోట్ల. మందం రాసినంతా ఉంది. పగులు సాగింది మాత్రం, తర్వాత కొళాయి పైపు కోసం తవ్వి, దిమ్మిస కొట్టకుండా మట్టి పూడ్చేసిన దారి వెంటే.

ఆ పైపు కావాలని పెట్టిన అర్జీలో మొదటి సంతకం నాదే. టీ కొట్టులో ఈ ముక్క ఇంకా చెప్పలేదు.