ఖాళీ ఉద్యోగం బరువు ఎవరు మోస్తున్నారు?



సాయంత్రం ఆరు గంటలకు కిక్కిరిసిన బస్సు ఎక్కారనుకోండి. కండక్టరు జనంలోంచి ఎలాగో తోసుకుంటూ వచ్చి, చిల్లర లేదన్నందుకు కసురుకున్నాడు. మీకు కోపం రావడం సహజమే. ఇంటికెళ్ళాక కూడా ఆ మాటే చెప్పుకుంటారు. కాని ఆయన ఆ రోజు ఎన్ని గంటలుగా నిలబడి ఉన్నాడో మనం అడిగామా?

ఆర్.టి.సి. రెండు తెలుగు రాష్ట్రాలలోనూ పెద్ద సంస్థ. 2019 అక్టోబరు 5న తెలంగాణలో సుమారు 48,000 మంది కార్మికులు సమ్మెకు దిగారు. 52 రోజులు సాగిన ఆ సమ్మెలో, సంస్థను ప్రభుత్వంలో విలీనం చేయాలన్న కోరికతోపాటు ఖాళీలను భర్తీ చేయాలన్న కోరిక కూడా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరి 1 నుండి కార్మికులు ప్రభుత్వోద్యోగులయ్యారు. ఆ తరువాత తెలంగాణలో 2023 డిసెంబరు 9న, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మహిళలకు ఉచిత ప్రయాణం మొదలయింది. పేద తల్లులకు అది నిజంగా మేలు. అయితే బస్సులో జనం ఒక్క రోజులో పెరిగారు, ఉద్యోగులు అలా పెరగరు గదా! తెలంగాణలో 1,000 డ్రైవరు, 743 శ్రామిక్ ఉద్యోగాలకు ప్రకటన 2025 సెప్టెంబరులో వెలువడింది.

ఉద్యోగి రిటైరవుతాడు. ఆయన చేసిన పని మాత్రం రిటైరు కాదు. అది పక్కవాడి భుజం మీద పడుతుంది. ఒకరికి డబుల్ డ్యూటీ, మరొకరికి సెలవు దొరకదు. కొన్ని సర్వీసులలో డ్రైవరే టికెట్లు కూడా కొట్టాలి.

'సంస్థ నష్టాలలో ఉంటే ఖర్చు తగ్గించుకోవడం తప్పా?' అని మీరు అడగవచ్చు. తప్పు కాదు. సంస్థ మూతపడితే అందరూ వీధిన పడతారు. కాని ఇక్కడ ఒక్క సంగతి ఆలోచించండి. ఖాళీ ఉంచిన ఉద్యోగం లెక్కల పుస్తకంలో పొదుపుగా కనిపిస్తుంది. నిజానికి అది అప్పు. మిగిలినవారి నిద్రలోంచి, మోకాళ్ళ సత్తువలోంచి, బిడ్డలతో గడపవలసిన పొద్దులోంచి అడగకుండా తీసుకున్న అప్పు. ప్రయాణికులను బస్‌స్టాండులో వదిలేయలేని మనస్సాక్షి గలవాడే 'సరే, నేను వెళ్తాను' అంటాడు. మరుసటి వారం కూడా అతణ్ణే పిలుస్తారు. దున్నే ఎద్దునే పొడిచినట్లు, మంచితనానికి ఇదేనా బహుమానం?

మనిషి బలానికి మించి పని చేయించుకోరాదని 13వ లియో పోపుగారు 1891లోనే తమ 'రేరుం నొవారుం' లేఖలో బోధించారు. మన దేశంలో 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని సాధారణ పరిమితి పెట్టింది. స్టీరింగు పట్టినవాడి కన్ను మూతపడితే అది అతని ఒక్కడి కష్టం కాదు, బస్సులోని వారందరి ప్రాణం.

ఇంకొక విచారకరమైన సంగతి. తండ్రి డబుల్ డ్యూటీ చేసి అర్ధరాత్రి ఇల్లు చేరతాడు. డిగ్రీ చదివిన కొడుకు పని లేక అదే ఇంట్లో మేలుకుని ఉంటాడు. ఒకే కప్పు కింద ఒకరికి మోయలేనంత పని, మరొకరికి చేయడానికి పనే లేదు. దీన్ని పొదుపు అందామా?

మరి మన వంతు ఏమిటి? మనకు దొరికే ప్రయాణంలో ఆ అలసిన మనిషి కష్టం కలిసి ఉంది. కనుక ఎక్కేముందు చిల్లర సిద్ధం చేసుకుందాం. కసురుకుంటే ఒక మాట ఓర్చుకుందాం. అంతటితో చాలదు. మన ఊరికి ఇంకో బస్సు కావాలని అర్జీ పెట్టేటప్పుడు, దాన్ని నడిపే మనుషులను కూడా నియమించమని అదే అర్జీలో రాద్దాం.

రేపు బస్సు దిగేటప్పుడు, 'అన్నా, డ్యూటీ ఎన్నింటికి దిగుతారు?' అని అడిగి చూడండి. ఆడబిడ్డ అయితే 'అమ్మా' అని పిలిచి అడగండి. ఆ జవాబు విన్నాక మన కోపం ఎవరి మీద ఉండాలో మనకే తెలుస్తుంది.