పొద్దుటి నడక, రాత్రి బీరు

విశాఖ ఆర్కే బీచ్‌లోనో, హైదరాబాద్ కేబీఆర్ పార్కులోనో ఈపాటికి చెమటోడ్చి నడుస్తున్నవాళ్లంటే నాకెంతో గౌరవం. వాళ్లలో కొందరు అనే ఈ మాటే కలవరపెడుతుంది: "రోజూ గంట నడుస్తున్నాం కదా, రాత్రి ఒక బీరు తాగితే ఏమవుతుంది?"

గ్రాము ఆల్కహాల్‌లో 7 కేలరీలుంటాయి. పిండిపదార్థంలో 4, కొవ్వులో 9. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు సీసా ఒక్కటే దాదాపు 300 కేలరీలు. గంటసేపు చురుగ్గా నడిచిన కష్టమంతా అందులోనే పోతుంది. అయితే ఇది లెక్కతో తేలే సంగతి కాదు. ఆల్కహాల్‌ను శరీరం దాచుకోలేదు. అందుకే కాలేయం ముందు దాన్నే వదిలించుకోవాలని చూస్తుంది. అంతసేపూ కొవ్వు కరగడం మందగిస్తుంది. పక్కన మిర్చి బజ్జీయో, చికెన్ పకోడీయో ఉంటే ఆ నూనె చాలావరకు ఒంట్లో నిల్వ ఉండిపోతుంది. నిద్ర కూడా చెడుతుంది.

చెమట పట్టిస్తే మందు దిగిపోతుందనుకోవడం కూడా పొరపాటే. చెమటలో పోయేది చాలా కొద్ది.

ఇన్సులిన్ వాడేవాళ్ల గురించే నా బెంగంతా. రాత్రి తాగి, పొద్దున్నే ఖాళీ కడుపుతో నడకకు వెళితే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. అలాంటివాళ్లు మీ ఇంట్లో ఉంటే, ఈ పూట టిఫిన్ దగ్గరే ఈ సంగతి చెప్పండి.